కొంగలంక జలాంతర్గాములు

మా ఊళ్ళో పంతొమ్మిది ఇళ్ళు, పంతొమ్మిది జలాంతర్గాములు ఉన్నాయి. అవి జలాంతర్గాములని మొన్నటి వైశాఖం దాకా మాకు తెలియదు. దోనెలనుకునేవాళ్ళం. తెలియకుండానే మా తాతముత్తాతలు వాటిలో గడ్డిమోపులు మోశారు, పెళ్ళివారిని మోశారు, ఒకసారి దూడకు జబ్బు చేస్తే పశువుల డాక్టరుగారిని కూడా మోశారు. ఆయన పాపం ఈత రాని మనిషి. తాను ఎక్కుతున్నదేమిటో తెలిస్తే ఎక్కేవారు కారు.

మాది కొంగలంక, రెల్లేరు సరస్సు నడుమ. రెండు తాటిమానులు తొలిచి, జతగా బిగించి, చివరలు మూస్తే దోనె. ఇంటి వెనక నీళ్ళలోకి రెండు పట్టెలు పరిస్తే అది ఆ ఇంటి రేవు. ఇంతకు మించి మాకు ఓడల విద్య రాదు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. పొద్దున్నే స్నానం చేసి భాగవతం ఒక పేజీ చదవనిదే మంచినీళ్ళు ముట్టను. పెద్దలు చేసిన ఏర్పాటును తప్పుపట్టే అలవాటు నాకు లేదు. కాకపోతే అప్పుడప్పుడు ఒక సందేహం వస్తుంది. వస్తే అడుగుతాను.

లంకకు ఎదురుగా నీళ్ళ మధ్య ఒక దిబ్బ ఉంది. దాని మీద రెల్లమ్మ తల్లి. ఏటా ఏరువాక పున్నమినాడు అమ్మవారికి చద్దికుండ వెళ్ళాలి. ఏ ఇంటి వంతు వస్తే ఆ ఇంటి దోనె కుండను మోసుకెళ్ళి దిబ్బను తాకాలి. మనుషులు ఎలా వెళ్ళినా సరే, దోనె తాకాలి. పంతొమ్మిదేళ్ళకు ఒకసారి వంతు. పోయినసారి మా వంతుకు నాన్న గెడ వేశాడు, అమ్మ కుండ పట్టుకుని కూర్చుంది. ఈ ఏడు మళ్ళీ మాది. నాన్న లేడు. అమ్మకు డెబ్భై ఎనిమిది. మళ్ళీ వంతు వచ్చేసరికి తొంభై ఏడు. ‘ఇప్పుడు కాకపోతే ఇంకోసారి చూద్దాంలే’ అనడానికి వీలులేని లెక్క అది.

మొన్నటి మాఘంలోనే సరస్సు తీర క్రమశిక్షణ మండలి పుట్టింది. సరస్సులకు క్రమశిక్షణ లేదని పైవాళ్ళకు ఎవరో చెప్పారట. మండలికి నిబంధనలు కావలసివచ్చాయి. ఏదో పెద్ద ఓడరేవు నిబంధనల పుస్తకం తెప్పించి, ‘సముద్రము’ అన్నచోటల్లా ‘సరస్సు’ అని మార్చి అచ్చువేయించారు. మార్చినవాడు మండలి గుమాస్తా సూర్యప్రకాశం. ఒక్కడే కూర్చుని మార్చాడు కనుక అక్కడక్కడా కొన్ని మిగిలిపోయాయి. అందువల్ల తిమింగలం కనబడితే మేము గంటలోపు తెలియపరచాలి. మా దోనెల్లో ఫిరంగులుంటే రేవు చేరేలోపు మూతులు లంక వైపు నుంచి తిప్పాలి.

రేవుల అధికారి త్రివిక్రమమూర్తిగారు, వెనక పుస్తకంతో సూర్యప్రకాశం, మొదటిసారి మా రేవుకే వచ్చారు.

“గృహసంబంధమైన రేవులయందు పడవలను నిలుపుట అనునది ఇకమీదట వ్యక్తిగత విషయము కాదు,” అన్నారు అధికారి, మా పట్టె మీద నిలబడి. పట్టె కొంచెం ఊగింది. ఆయన సూర్యప్రకాశం భుజం పట్టుకున్నారు. “ప్రతి పడవకు ముందువైపు నంబరు పలక ఉండవలెను. ఈ పడవకు ముందు ఎటు?”

“ఎటు పోతే అటే ముందండీ,” అన్నాను. దోనెకు రెండు చివర్లూ ఒకటే.

“ఇప్పుడు ఎటూ పోవడం లేదు కదా?”

“అయితే ఇప్పుడు ముందు లేదండీ.”

ఆయన సూర్యప్రకాశం వైపు చూశారు. సూర్యప్రకాశం పుస్తకం వైపు చూశాడు. చివరికి దోనెకు నడిమధ్య పలక కొట్టి, పంతొమ్మిది దోనెలూ నమోదు చేసుకుని వెళ్ళారు. వాళ్ళు లంక దిగేటప్పుడు మా మేనత్త కొడుకు గంగులు వెనకనుంచి, “అయ్యగారూ, తిమింగలం కనబడితే కబురెట్టేదా, కూరొండి పంపేదా?” అని అడిగాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఎండలు ముదిరితే రెల్లేరు నడుంలోతుకు తగ్గిపోతుంది. ఒక పక్క గట్టుదారి బయటపడుతుంది, రాకపోకలు దాని మీదే. దోనెతో పని ఉండదు. ఒడ్డున పెడితే ఎండకు తాటిమాను నిలువునా పగులుతుంది. అందుకని దోనెలో బురదముద్దలు వేసి, నీళ్ళు నింపి, రేవు పక్కనే ముంచి గుంజకు కట్టేస్తాం. పున్నమి ముందు బురద తీసి, నీళ్ళు తోడి, పైకి తెస్తాం. లంకలో దోనె పుట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి. ముంచని దోనె మూడేళ్ళుంటే, ముంచిన దోనె ముప్ఫై ఏళ్ళుంటుంది.

వైశాఖంలో మండలివారు తనిఖీకి వచ్చారు. పంతొమ్మిది రేవులున్నాయి. దోనె ఒక్కటీ లేదు.

“చోరీయా?” అన్నారు అధికారి.

“లేదండీ. ముంచేశాం.”

ఆయన ముఖం తెల్లబోయింది. “పంతొమ్మిదీ మునిగినవా? ప్రాణనష్టం?”

“మునగలేదండీ, మేమే ముంచాం. అదుగోండి, ఆ గుంజ దగ్గరుంది మాది. బాగానే ఉంది.”

“మునిగిన పడవ బాగుండుట ఎట్లు?”

“మునక్కపోతే పాడైపోద్దండీ,” అంది నా భార్య సీతారావమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

త్రివిక్రమమూర్తిగారు రేవు పట్టె మీద కూర్చున్నారు. సూర్యప్రకాశం ఆయన చెవిలో ఏదో చెప్పి, పుస్తకం తెరిచి చదివాడు. మూడో అధ్యాయం ప్రకారం పడవ నీటిపై ఉంటే రేవులో ఉన్నట్టు. నాలుగో అధ్యాయం ప్రకారం నేలపై ఉంటే నిలవలో ఉన్నట్టు. ప్రమాదవశాత్తు నీటి కింద ఉంటే తొమ్మిదో అధ్యాయం. మాది ప్రమాదం కాదు. యజమాని తెలిసి, ఇష్టపడి, మళ్ళీ పైకి తెచ్చే ఉద్దేశంతో నీటి కింద ఉంచిన నౌక.

“పదకొండో అధ్యాయమండీ,” అన్నాడు సూర్యప్రకాశం. అతని గొంతులో నిజమైన సంతోషం ఉంది. ఆ అధ్యాయం ఎప్పటికైనా పనికొస్తుందని అతను అనుకొని ఉండడు. “జలాంతర్గాములు.”

అధికారి లేచి నిలబడ్డారు. మా వంక కొత్తగా చూశారు. ఆ చూపులో భయమూ ఉంది, గౌరవమూ ఉంది.

“ఎన్నాళ్ళుగా నడుపుతున్నారు?”

“తాతల నాటినుంచండీ,” అన్నాడు గంగులు.

“ఎవరికీ తెలియకుండానా?”

“ఎవరూ అడగలేదండి మరి.”

ఆ సమయంలోనే మా గేదె రేవు పక్కన నీళ్ళలో ముక్కు మాత్రం బయటపెట్టి పడుకుని ఉంది. సూర్యప్రకాశం దానివంక చాలాసేపు చూశాడు. పుస్తకంలో రెండు మూడు పేజీలు తిప్పాడు. గేదె ఒకసారి ముక్కులోంచి నీళ్ళు చిమ్మి, లేచి ఒడ్డెక్కి పోయింది. అతను ఊపిరి పీల్చుకుని పుస్తకం మూశాడు.

వారం తిరగకుండా ఉత్తర్వులు వచ్చాయి. ప్రతి జలాంతర్గామికీ ఒక కెప్టెన్ ఉండాలి. మాకు నేనే. లోపలినుంచి పైకి చూసే గొట్టం ఒకటి అమర్చాలి. లోపల బురద తప్ప చూసేవాళ్ళెవరూ లేకపోయినా, బోరుకు వాడగా మిగిలిన ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తెచ్చి తలా ఒకటి గుచ్చాం. మర్నాటికి పంతొమ్మిది గొట్టాల మీదా పంతొమ్మిది లకుముకి పిట్టలు కూర్చున్నాయి. ఇంతకాలం గుంజల మీద వాటికి ఇరుకుగా ఉండేదేమో.

జలాంతర్గామి ఎక్కడుందో బయటివారికి చెప్పరాదు. ఇది ఏడో నియమం. తనిఖీకి వచ్చిన త్రివిక్రమమూర్తిగారు, “మీ నౌక ఎక్కడ?” అని అడిగారు.

“చెప్పకూడదటండీ,” అన్నాను.

“శభాష్,” అన్నారాయన. తరవాత తనిఖీ ఎలా చేయాలో తెలియక, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

ఇంట్లో మాత్రం నాకు గౌరవం పెరగలేదు. “ఒరే కెప్టెనూ, గేదెకి గడ్డెయ్యి,” అనేది అమ్మ. ఆమె పేరు పుల్లమ్మ. పేరుకు తగ్గ మాట. “ఏరా వీరాసామీ, పున్నమి పదిరోజులుంది. దోనె ఎప్పుడు తీస్తావు? ఊళ్ళో ఆడోళ్ళు అడుగుతున్నారు, మీ ఇంటి వంతేనంటగా అని. ఏం చెప్పను, మా వాడు నౌకాదళంలో జేరాడు, తీరిక లేదని చెప్పనా?”

అప్పుడు ఇరవై రెండో నియమం చూశాను. జలాంతర్గామి మండలి అనుమతి లేకుండా పైకి తేలరాదు.

మండలి ఆఫీసుకు వెళ్ళాను. దరఖాస్తు తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. త్రివిక్రమమూర్తిగారు చదివి కళ్ళజోడు తీశారు.

“పైకి తేలుటకు పుస్తకంలో మూడే కారణములున్నవి. యుద్ధము, అగ్నిప్రమాదము, ప్రాణవాయువు నిండుకొనుట. మీరు చద్ది అని రాశారు.”

“అమ్మవారి చద్దండీ. పెరుగన్నం, ఉల్లిపాయ.”

“అది వీటిలో దేని కిందకు వస్తుంది?”

నాకు తెలిసినంతలో అది వేటి కిందకూ రాదు. అయినా ఒక సందేహం వచ్చింది, అడిగాను. “అయ్యా, భూదేవి నీళ్ళలో మునిగిపోతే స్వామి వరాహరూపమెత్తి పైకి తెచ్చాడు కదండీ. అప్పుడు ఇట్టాంటి అడ్డమేమీ చెప్పినట్టు లేదే?”

త్రివిక్రమమూర్తిగారు కోప్పడలేదు. ఆయనా పొద్దున్నే విభూతి పెట్టుకునే మనిషే. కాసేపు ఆలోచించి, “అప్పటికి మండలి ఏర్పడలేదు,” అన్నారు. తరవాత కొంచెం మెత్తబడి, “నిబంధన నా చేతిలో లేదు వీరాస్వామిగారూ. మీ అమ్మగారి వయసు రాశారు, చూశాను. సూర్యప్రకాశం, ఇంకేమైనా మార్గముందేమో చూడు,” అన్నారు.

సూర్యప్రకాశం చూశాడు. పుస్తకం చదవడంలో అంత శ్రద్ధ నేను మా గుడి పూజారిలో కూడా చూడలేదు. చివరికి వేలు పెట్టి చూపించాడు. జలాంతర్గామి పైకి తేలరాదని ఉంది గానీ, కదలరాదని ఎక్కడా లేదు.

“అంటే?” అన్నాను.

“నీటి కిందనుంచే వెళ్ళండి,” అన్నారు అధికారి, ఎంతో భారం దిగినట్టు. అక్కడికక్కడే అనుమతి పత్రం రాయించారు. గొట్టం తప్ప నౌక ఏ భాగమూ నీటి మట్టానికి జానెడు లోతు కంటే పైకి రాకూడదు. ప్రయాణికులు నౌకలోపలే ఉండాలి. సిబ్బంది బయట ఉండవచ్చు.

ఇంటికి వచ్చి పత్రం చదివి వినిపించాను. సీతారావమ్మ తల పట్టుకుంది. గంగులు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి అరుగు మీంచి జారాడు. అమ్మ ఒక్కతే నవ్వలేదు.

“దోనె దిబ్బని తాకుద్దా, తాకదా?”

“తాకుద్ది. నీళ్ళలోంచే.”

“కుండ తడవదుగా?”

“నువ్వు ఎత్తి పట్టుకుంటే తడవదు.”

“మరింకేంరా? నీళ్ళంటే నాకు భయమా? నేను పుట్టిందే నీళ్ళల్లో,” అంది అమ్మ. “నడుంనొప్పికి చల్లగా ఉంటది కూడాను.”

పున్నమినాడు పొద్దున్నే లంకంతా రేవుల్లో నిలబడింది. మేము సగం బురద తీసి, సగం ఉంచి, దోనెను నేలవిడిచేట్టు చేశాం. సరిగ్గా జానెడు లోతులో అది నీళ్ళలో ఆగింది. త్రివిక్రమమూర్తిగారు, సూర్యప్రకాశం మండలివారి తెల్లటి మోటారు పడవలో వచ్చారు. సూర్యప్రకాశం వంగి స్కేలు బద్ద పెట్టి కొలిచాడు.

“అరంగుళం తక్కువండీ.”

“ఇంకో బురదముద్ద పెట్టు బావా,” అన్నాడు గంగులు.

పెట్టాను. అమ్మ పసుపు చీర కట్టుకుని, రేవు పట్టె మీంచి నీళ్ళలోకి దిగి, కనబడని దోనెలో కూర్చుంది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. చద్దికుండ నెత్తిన పెట్టుకుంది.

“ఇప్పుడు చూడండి సూర్యప్రకాశంగారూ,” అన్నాను.

అతను మళ్ళీ స్కేలు పెట్టబోయాడు. “ఒరే నాయనా,” అంది అమ్మ, “ఆ బద్ద తీసి అవతల పెట్టు. నీ కొలత తెమిలేసరికి చద్ది పులిసిపోద్ది. అమ్మోరు నిన్ను అడుగుద్ది, నన్ను కాదు.”

బద్ద వెనక్కి వెళ్ళింది.

నేనూ గంగులూ చెరో చివరా పట్టుకున్నాం. ఊరి మగవాళ్ళు ఇద్దరు పక్కలకు వచ్చారు. నడుంలోతు నీళ్ళలో దోనెను తోసుకుంటూ నడిచాం. వెనక సీతారావమ్మ పసుపుకుంకాల పళ్ళెంతో, ఆమె వెనక ఊరివాళ్ళు, అంతా నీళ్ళలో నడిచే వచ్చారు. దోనె ఎవరికీ కనబడదు. ఒడ్డునుంచి చూసేవాళ్ళకు కనబడిందల్లా, నెత్తిన కుండతో ఒక ముసలావిడ నీళ్ళ మీద కూర్చుని మెల్లగా సాగిపోవడమే. గట్టు మీద గేదెలు తోలుకుపోతున్నవాడెవడో కర్ర కింద పడేసి దణ్ణం పెట్టాడు. నేను వెనక చివర పట్టుకుని ఉన్నాను కనుక అమ్మ వీపే కనబడుతోంది నాకు. నిటారుగా ఉంది. పంతొమ్మిదేళ్ళ కింద నాన్న గెడ వేస్తూ చూసింది ఈ వీపునే. నాకెందుకో కళ్ళు తడి అయ్యాయి. నీళ్ళే కదా చుట్టూ, ఎవరికీ తెలియలేదు.

సగం దూరంలో మండలివారి మోటారు పడవ బురదలో కూరుకుపోయింది. ఇంజను అరిచింది, బురద చిమ్మింది, ఆగిపోయింది. త్రివిక్రమమూర్తిగారు కాసేపు పుస్తకం చూశారు. తరవాత బూట్లు విప్పి, పంట్లాం మోకాళ్ళకు మడిచి నీళ్ళలోకి దిగారు. నీళ్ళు మోకాళ్ళ దగ్గర ఆగలేదు. వెనక సూర్యప్రకాశం కూడా దిగాడు, తడవకుండా నిబంధనల పుస్తకం నెత్తిన పెట్టుకుని. ముందు అమ్మ నెత్తిన చద్దికుండ, వెనక అతని నెత్తిన పుస్తకం. అమ్మవారికి ఆ ఏడు రెండు నైవేద్యాలు వస్తున్నట్టుంది.

దోనె దిబ్బను తాకింది. తాకిన చప్పుడు నీళ్ళలోంచి నా చేతులకు తెలిసింది. “తాకింది,” అన్నాను. అమ్మ కుండ దించింది. త్రివిక్రమమూర్తిగారు ముందుగా నౌకకు సెల్యూట్ చేసి, తరవాత అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఆ తరవాత చద్ది ప్రసాదం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు.

కథ అక్కడ ఆగేదే. కానీ ఆయన నిజాయితీపరుడు. ప్రయాణం మీద నివేదిక రాయవలసి వచ్చింది, ఉన్నది ఉన్నట్టు రాశారు. నౌక నీటి కిందుగా విజయవంతంగా గమ్యం చేరినదనీ, మండలి అధికారి, గుమాస్తాతో సహా నలభై ఒక్కమంది సరస్సును కాలినడకన దాటిరనీ.

పైవాళ్ళు చదివారు. మనుషులు కాలినడకన దాటేది సరస్సెట్లా అవుతుంది? పదిరోజుల్లో సూర్యప్రకాశం నోటీసు పట్టుకుని గట్టుదారిన వచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. పదకొండో అధ్యాయం ఇక పనికిరాదని అతని బాధ.

“రెల్లేరు ఇకమీదట కాలిబాట,” అని చదివాడు. “సదరు బహిరంగ కాలిబాటపై నీరు నిలువ ఉండనిచ్చి పాదచారులకు అసౌకర్యము కలిగించినందులకు కొంగలంక గృహస్థులు సంజాయిషీ ఇవ్వవలెను. నీటిని తక్షణమే తొలగించవలెను.”

“అంతా?” అన్నాడు గంగులు.

“అంతానే రాశారు.”

అమ్మ అరుగు మీంచి అడిగింది. “మరి ఆ జలాంతరం సంగతేంటి నాయనా?”

“సరస్సే లేదు కదండీ, పుస్తకం వర్తించదు. కాలిబాటల పుస్తకం వేరే ఉంది.” సంచీలోంచి తీశాడు. ఇది చిన్నది. మోటారు బండ్లు, ఎడ్లబండ్లు, గుర్రాలు, ఒంటెలు కాలిబాట మీద నడపరాదని ఉంది. నేను రెండుసార్లు చదివాను. దోనె పేరు ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నమే పంతొమ్మిది దోనెల్లో బురద తీసి, నీళ్ళు తోడి, పైకి తెచ్చాం. లకుముకి పిట్టల కోసం గొట్టాలు ఉంచేశాం.

సంజాయిషీ నేనే రాశాను. ‘అయ్యా, తమరి ఆజ్ఞ ప్రకారం నీళ్ళు తొలగించడానికి మేమంతా సిద్ధంగా ఉన్నాము. తోడి ఎక్కడ పోయమంటారో సెలవిస్తే అక్కడ పోస్తాము.’ ఇది రాసి ఇప్పటికి రెండు నెలలయింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా వానలు పట్టుకున్నాయి. రెల్లమ్మ తల్లి దయవల్ల కాలిబాట ఇప్పుడు రెండు నిలువుల లోతు ఉంది. దోనెలు చక్కగా నడుస్తున్నాయి.